ఆటోఫేజీ క్యాప్సూల్స్ రివ్యూ: పొడి మంచిదే, కథే ఎక్కువైంది

రేటింగ్ 5కి 2. ఒకటి ప్యాకింగ్‌కి, ఇంకోటి డబ్బా వెనకాల లెక్క అబద్ధం రాయనందుకు. మిగతా మూడు ఎందుకు కట్ చేశానో చెప్పడానికే ఇంత పొడుగు రాస్తున్నా, అంత ఓపిక లేనివాళ్ళు ఇక్కడే ఆపేసి డబ్బులు జేబులో పెట్టుకోండి, పెద్దగా మిస్సయ్యేదేం లేదు.

ప్రొడక్ట్ ఏంటంటే స్పెర్మిడిన్ క్యాప్సూల్స్. స్పెర్మిడిన్ అంటే మన సెల్స్‌లోనూ తిండిలోనూ ఉండే ఒక పదార్థం, డబ్బాలోది వీట్ జెర్మ్ నుంచి, అంటే గోధుమ గింజలో మొలక వచ్చే భాగం ఉంటుంది కదా దాన్నుంచి తీసిన ఎక్స్‌ట్రాక్ట్. బ్రాండ్ పేరు రాయట్లేదు, సెర్చ్ కొడితే ఇలాంటివి బోలెడు వస్తాయి, అన్నిటి మీదా దాదాపు ఇవే మాటలు. దీని మీద పెద్దక్షరాల్లో "ఆటోఫేజీ యాక్టివేటర్", దానికింద "సెల్యులార్ డీటాక్స్", ఇంకా కింద "నోబెల్ ప్రైజ్ గెలిచిన సైన్స్". ఆటోఫేజీ అంటే సెల్ తన లోపలి పాడైన సామాను తనే విరగ్గొట్టి మళ్ళీ వాడుకోవడం. 60 క్యాప్సూల్స్ 1,799 రూపాయలు. మూడు డబ్బాల కాంబో మా బావ ఆర్డర్ పెట్టాడు, ఏదో వీడియో చూసి. నేను ఫార్మా కంపెనీలో క్యూసీ ల్యాబ్‌లో, అంటే మందుల నాణ్యత పరీక్షించే చోట చేస్తా, అందుకని ఒక డబ్బా నా చేతిలో పెట్టి "ఏరా, నీ లైనే కదా, వాడి చూసి చెప్పు, మీ అక్క నన్ను తిడుతోంది" అన్నాడు. వాడాను, డబ్బా మొత్తం. సరే.

ముందు మంచి చెప్తా. డబ్బా గట్టిది, సీల్ బాగుంది, లోపల తేమ లాగే సాచెట్ పెట్టారు, క్యాప్సూల్ వెజ్, పచ్చ చుక్క ఉంది. ఒకటి విప్పి పళ్ళెంలో పోసి చూశా, లేత గోధుమరంగు పొడి, కొంచెం జిడ్డు, వేయించిన పిండి వాసన. కల్తీ అనిపించే రంగు గానీ ఘాటు గానీ లేదు. కడుపులో కూడా ఏం గడబిడ చేయలేదు.

ఇప్పుడు లేబుల్. ముందువైపు కొట్టొచ్చినట్టు "500 మి.గ్రా." అని ఉంటుంది, అది చూసి మా బావ "స్ట్రాంగ్ డోసు" అనుకున్నాడు. వెనక్కి తిప్పితే ఆ 500 వీట్ జెర్మ్ ఎక్స్‌ట్రాక్ట్ బరువు, అందులో స్పెర్మిడిన్ 0.2 శాతం. అంటే క్యాప్సూల్‌కి 1 మి.గ్రా. రోజుకి రెండు వేసుకోమన్నారు కాబట్టి 2 మి.గ్రా. మిగతా 998 మి.గ్రా. గోధుమ సరుకే. అబద్ధం కాదు, కానీ ముందు వెయ్యాల్సిన అంకె వెనకాల, వెనక వెయ్యాల్సింది ముందు వేశారు. ఇంకోటి, "కంటెయిన్స్ వీట్" అన్న లైను భూతద్దం పెట్టి చూడాల్సినంత చిన్నగా ఉంది. గ్లూటెన్ పడనివాళ్ళు ఉంటారు, వాళ్ళకి ఇది చాలా ముఖ్యమైన లైను, "డీటాక్స్" కంటే పెద్దగా ఉండాలి.

కస్టమర్ కేర్‌కి మెసేజ్ పెట్టా, బ్యాచ్ నంబర్ ఇచ్చి ఆ బ్యాచ్ సీఓఏ (టెస్ట్ రిజల్ట్స్ ఉండే సర్టిఫికెట్) పంపండి, స్పెర్మిడిన్ ఏ మెథడ్‌లో కొలిచారో చెప్పండి అని. ఇది ఎందుకు అడిగానంటే స్పెర్మిడిన్ యూవీ డిటెక్టర్‌కి సరిగ్గా కనపడే పదార్థం కాదు, డాన్సిల్ క్లోరైడ్ లాంటిది ఏదో ఒకటి దానికి అతికించి డెరివటైజ్ చేస్తే గానీ హెచ్‌పీఎల్‌సీలో (పదార్థాలని విడదీసి కొలిచే మెషిన్) పీక్ రాదు, లేదంటే మాస్ స్పెక్ (బరువుని బట్టి అణువుల్ని గుర్తుపట్టే మెషిన్) మీద చేయాలి. నిజంగా టెస్ట్ చేసినవాళ్ళయితే ఒక లైనులో చెప్పేస్తారు. వాళ్ళు నాకు రంగురంగుల బ్రోచర్ పంపారు, "నోబెల్ ప్రైజ్" పేజీతో సహా. మళ్ళీ అడిగితే "మీ ఆసక్తికి ధన్యవాదాలు". ఇక్కడ ఒక స్టార్ పోయింది.

ఆ నోబెల్ పేజీ గురించే అసలు చెప్పాలి, ఎందుకంటే డబ్బా అమ్ముడుపోయేది దాని మీదే. 2016లో మెడిసిన్ నోబెల్ వచ్చింది యోషినోరి ఓసుమికి, ఒక్కడికే, ఎవరితో పంచుకోలేదు. అది నిజం. కానీ ఆయన పని స్పెర్మిడిన్ మీద కాదు, మనుషుల ఉపవాసం మీద అసలే కాదు. ఆయన చూసింది ఈస్ట్‌ని. ఈస్ట్ సెల్‌లో వాక్యూల్ అని ఒక పెద్ద సంచి ఉంటుంది, మన సెల్‌లో లైసోజోమ్ చేసే పని అక్కడ అది చేస్తుంది, లోపలికి వచ్చినదాన్ని ఎంజైములతో విరగ్గొడుతుంది. లోపలికి ఏదైనా వచ్చినా వెంటనే అరిగిపోతే మైక్రోస్కోప్‌లో ఏం కనపడుతుంది? అందుకని ఆయన ఆ అరిగించే ఎంజైములు లేని ఈస్ట్ రకాన్ని తీసుకుని, నైట్రోజన్ లేని ద్రావణంలో పెట్టి ఆకలితో మాడ్చాడు. కొన్ని గంటల్లోనే వాక్యూల్ నిండా చిన్నచిన్న గుండ్రటి సంచులు పోగుపడి కదులుతూ కనపడ్డాయి, మామూలు లైట్ మైక్రోస్కోప్‌లోనే. లోపలికి వచ్చేది ఆగలేదు, అరగడం మాత్రమే ఆగింది, కాబట్టి దొరికిపోయింది. 1988లో సొంత ల్యాబ్ పెట్టుకున్న కొత్తలో చేసిన పని ఇది, పేపర్ 1992లో వచ్చింది. తర్వాత ఈస్ట్‌లో మ్యుటేషన్లు పుట్టించి, ఆకలి పెట్టినా ఈ సంచులు పోగుపడని రకాలని వెతికి పట్టుకుని 1993లో 15 మ్యూటెంట్లు చూపించాడు. ఇప్పుడు ఏటీజీ జీన్స్ (ఆటోఫేజీని నడిపే జీన్లు) అంటున్న లిస్టుకి మొదలు అదే, అందులో చాలా జీన్లకి మనలోనూ జోడీలున్నాయి. ఎంత సింపుల్‌గా ఆలోచించాడో చూడండి, నాకు ఆ ప్రయోగం ఎప్పుడు చదివినా ఒళ్ళు జలదరిస్తుంది, క్యాప్సూల్ కంపెనీ వాళ్ళు ఆయన ఫొటో ఎరువు తెచ్చుకుని వాడుకోవడం చూస్తే ఒళ్ళు మండుతుంది.

అసలు లైసోజోమ్‌ని 1955లో కనిపెట్టింది క్రిస్టియన్ డి డ్యూవ్ అనే బెల్జియం ఆయన, 1963లో ఆటోఫేజీ అని పేరు పెట్టింది కూడా ఆయనే, 1974 నోబెల్ పంచుకున్నాడు. బ్రోచర్‌లో ఆయన ఊసే లేదు. ఉంటే మాత్రం ఎవరు కొంటారు లెండి.

ఇప్పుడు "డీటాక్స్" సంగతి. లేబుల్ చదివితే సెల్‌లో చెత్త పేరుకుపోయింది, ఈ క్యాప్సూల్ వేస్తే ఊడ్చేస్తుంది అన్నట్టు ఉంటుంది. జరిగేది ఊడవడం కాదు. మన ఇళ్ళల్లో పాత గొలుసు తెగితే పారేస్తామా, కంసాలి దగ్గర కరిగించి ఆ బంగారంతోనే ఇంకోటి చేయిస్తాం, అలాంటి పని ఇది. పాడైన మైటోకాండ్రియా ఒకటి ఉందనుకోండి, దాని పక్కన ఒక పల్చటి పొర దొన్నెలా మొదలై, అంచులు పెరుగుతూ పెరుగుతూ దాన్ని చుట్టేసి మూసుకుంటుంది. రెండు పొరల సంచి తయారవుతుంది, ఆటోఫాగోజోమ్ అంటారు, సైజు మైక్రాన్‌కి కాస్త అటూఇటూ. అది వెళ్ళి లైసోజోమ్‌తో కలిసిపోతుంది. లైసోజోమ్ లోపల పీహెచ్ 4.5, 5 మధ్య, ఆ పులుపులోనే పనిచేసే ఎంజైములు 50కి పైగా. లోపలి పొరతో సహా అంతా విడిపోయి ప్రోటీన్ కాస్తా అమైనో ఆసిడ్లుగా, కొవ్వు ఫ్యాటీ ఆసిడ్లుగా మారి మళ్ళీ సెల్‌లోకే వస్తాయి. బయటకి పోయేది దాదాపు ఏం లేదు. ఒక మనిషి రోజుకి తినే ప్రోటీన్ 70 గ్రాములు అనుకుంటే, ఒళ్ళు రోజూ విరగ్గొట్టి మళ్ళీ కట్టుకునేది 200 నుంచి 300 గ్రాముల దాకా ఉంటుంది. లెక్క ఎలా సరిపోతోంది? ఉన్నదాన్నే తిప్పి తిప్పి వాడుకోవడం వల్ల. (ఇదంతా ఆటోఫేజీ ఒక్కటే చేయదు, విడివిడి ప్రోటీన్లకి యూబిక్విటిన్ అని గుర్తు తగిలించి ప్రోటియాజోమ్ అనే ముక్కలు చేసే మెషిన్‌లో వేసే లైను వేరే ఉంది, దానికి 2004 కెమిస్ట్రీ నోబెల్. దాని పేరుతో క్యాప్సూల్ ఇంకా రాలేదు, వస్తుంది చూడండి.)

ఇంకో ముఖ్యమైన సంగతి, ఇది "యాక్టివేట్" చేస్తే గానీ మొదలవ్వని మెషిన్ కాదు. మీరిది చదువుతున్నప్పుడు కూడా నడుస్తూనే ఉంది. ఎక్కువతక్కువలు అవుతాయంతే. తిన్నాక అమైనో ఆసిడ్లు, ఇన్సులిన్ పెరిగితే ఎంటార్ అనే ప్రోటీన్ దీన్ని తగ్గించి ఉంచుతుంది, తిండి లేక ఎనర్జీ పడిపోతే ఏఎంపీకే అనేది ఇటువైపు నుంచి తోస్తుంది. ఆకలితో ఎంత దగ్గరి సంబంధమో తెలియాలంటే అప్పుడే పుట్టిన ఎలుక పిల్లల ప్రయోగం చాలు, 2004లో జపాన్ వాళ్ళదే. పుట్టగానే బొడ్డుతాడు నుంచి వచ్చే తిండి ఆగిపోతుంది, పాలు సరిగ్గా అందేలోపు కొన్ని గంటల కరువు, ఆ గంటల్లో ఆటోఫేజీ ఒక్కసారిగా పెరిగి తర్వాత తగ్గిపోతుంది. ఏటీజీ5 జీన్ తీసేసిన పిల్లలు పుట్టినప్పుడు చూడ్డానికి బాగానే ఉండి ఒక్క రోజులోపే చచ్చిపోయాయి. అంటే ఇది బ్యూటీ పార్లర్ సర్వీసు కాదండీ, కరువు పనుల పథకం.

మరి స్పెర్మిడిన్ మొత్తం బూటకమా అంటే, కాదు. అక్కడ కూడా నిజం ఉంది, అందుకే ఇలాంటివి అమ్ముడుపోతాయి. 2009లో ఆస్ట్రియా నుంచి ఫ్రాంక్ మాడియో వాళ్ళ గ్రూప్ పేపర్ వచ్చింది, ఈస్ట్, ఈగలు, పురుగుల్లో స్పెర్మిడిన్ ఇస్తే ఆటోఫేజీ పెరిగి ఆయుష్షు పెరిగింది అని. 2016లో ఎలుకల గుండె మీద కూడా మంచి ఫలితం చూపించారు. 2018లో ఇటలీలో బ్రునెక్ అనే ఊళ్ళో 829 మందిని 20 ఏళ్ళు గమనించిన లెక్క వచ్చింది, తిండిలో స్పెర్మిడిన్ ఎక్కువ ఉన్నవాళ్ళలో చావులు తక్కువ. బ్రోచర్‌లో ఈ మూడూ ఉన్నాయి. కానీ మూడోది గమనించడం మాత్రమే, క్యాప్సూల్ ఇచ్చి చూసింది కాదు, కూరగాయలూ పప్పులూ ఎక్కువ తినేవాళ్ళలో స్పెర్మిడిన్ ఒక్కటే ఎక్కువ ఉండదు కదా.

బ్రోచర్‌లో లేనివి రెండు చెప్తా. ఒకటి, 2022లో జర్మనీ నుంచి వచ్చిన స్మార్ట్‌ఏజ్ ట్రయల్. మతిమరుపు వస్తోందని అనుకుంటున్న 100 మంది పెద్దవాళ్ళకి రోజుకి 0.9 మి.గ్రా. స్పెర్మిడిన్, ఇదే వీట్ జెర్మ్ రకం, ఏడాది పాటు ఇచ్చారు, సగం మందికి డమ్మీ. జ్ఞాపకశక్తిలో తేడా ఏం రాలేదు. ఇప్పుడు నా చేతిలో ఉన్న డబ్బా మీద "మెమరీ సపోర్ట్" అని ఉంది, డోసు కూడా దాదాపు ఆ బాపతే. రెండోది 2023లో, ఆరోగ్యంగా ఉన్న కొద్దిమందికి రోజుకి 15 మి.గ్రా. ఇచ్చి రక్తం చూశారు, రక్తంలో స్పెర్మిడిన్ పెరగనే లేదు, స్పెర్మిన్ అనే దాని అన్నదమ్ము పెరిగింది. పొట్టలోంచి రక్తంలోకి వెళ్ళేలోపే మారిపోతోందని వాళ్ళ అనుమానం. 15కే అలా ఉంటే 2 మి.గ్రా. ఏ మూలకి?

అదీగాక మన సెల్స్ స్పెర్మిడిన్ తయారు చేసుకుంటాయి, పేగుల్లో బ్యాక్టీరియా చేస్తుంది, తిండిలో ఎలాగూ ఉంది. యూరప్ వాళ్ళ లెక్కల్లో మామూలు తిండి నుంచే రోజుకి 10 మి.గ్రా. అటూఇటూ వస్తుంది. సోయా, పుట్టగొడుగులు, బఠానీలు, వీట్ జెర్మ్ అన్నిట్లో ఉంది. దాని మీద ఇంకో రెండు కోసం నెలకి 1,799.

సరే, నాకేమైనా అనిపించిందా అని అడుగుతారు. అనిపించలేదు, అనిపించే అవకాశమూ లేదు. ఆటోఫేజీ పెరిగితే ఒంట్లో తెలిసే లక్షణం ఏదీ లేదు, డయాగ్నస్టిక్ సెంటర్‌కి వెళ్ళి "నా ఆటోఫేజీ ఎంతుందో చూడండి" అంటే రేటు కార్డులో అలాంటి టెస్టే ఉండదు. ల్యాబుల్లో కూడా దీన్ని కొలవడం తలనొప్పి పని. ఎల్‌సీ3 అనే ప్రోటీన్‌కి పచ్చగా మెరిసే ట్యాగ్ పెట్టి చుక్కలు లెక్కపెడతారు, కానీ చుక్కలు పెరిగితే రెండు అర్థాలు, సంచులు ఎక్కువ తయారవుతున్నాయి అని ఒకటి, తయారైనవి అరగక కూడుకుపోతున్నాయి అని ఇంకోటి. కోవిడ్ టైమ్‌లో అందరి నోళ్ళలో నానిన హైడ్రాక్సీక్లోరోక్విన్ ఉంది చూడండి, అది లైసోజోమ్ పులుపు తగ్గించేస్తుంది, అప్పుడు చుక్కలు బోలెడు కనపడతాయి, రీసైక్లింగ్ మాత్రం ఆగిపోయి ఉంటుంది. ఈ తిరకాసు ఉండబట్టే పద్ధతిగా పనిచేసే ల్యాబు ఒక్క ఫొటో చూపించి "ఆటోఫేజీ 3 రెట్లు" అనదు. బ్రోచర్‌లో మాత్రం అచ్చంగా అదే ఉంది, పచ్చ చుక్కల ఫొటోలు రెండు, "ముందు", "తర్వాత". ఏ సెల్స్, ఎంత డోసు, ఎన్ని గంటలు, ఏమీ లేదు. ఫెయిర్‌నెస్ క్రీమ్ యాడ్ ఇంకా నయం, కనీసం మొహం అన్నా ఒకరిదే ఉంటుంది.

డబ్బాతో పాటు వచ్చిన "ఫాస్టింగ్ గైడ్" మీద నాకు అన్నిటికంటే ఎక్కువ కోపం. క్యాప్సూల్ వేసుకుని 16 గంటలు తినకుండా ఉంటే "సరిగ్గా 16వ గంటకి ఆటోఫేజీ ఆన్ అవుతుంది" అంట. అలారం పెట్టుకోవాలేమో. మనుషుల్లో ఈ గంటకి మొదలవుతుంది అని ఎవరూ తేల్చలేదు. ఇలాంటి లెక్కలకి మూలం ఎక్కువగా ఎలుకలు. 24 గంటలు తిండి పెట్టకపోతే ఎలుక కండరాల్లో పచ్చ చుక్కలు బాగా పెరిగాయి, 2004లో మిజుషిమా అనే జపాన్ సైంటిస్ట్ చూపించాడు, కానీ ఎలుకకి 24 గంటలంటే మనకి ఒక పూట ఉపవాసం లాంటిది కాదు, అంత చిన్న జంతువు ఆ ఒక్క రోజులోనే ఒళ్ళు గుల్లై బరువు దిగిపోతుంది. పైగా అదే పేపర్‌లో మెదడులో పెరుగుదల కనపడలేదు, తర్వాత వేరేవాళ్ళు ఉంది అన్నారు, ఆ వాదన సాగుతోంది. ఏకాదశి ఉపవాసం, రంజాన్ రోజా ఇవన్నీ ఎవరి నమ్మకం మీద వాళ్ళు చేసుకుంటారు, దానికి ఓసుమి సర్టిఫికెట్ అక్కర్లేదు.

కోపం ఎందుకంటే మా బావకి షుగర్. గ్లిమిపిరైడ్ వేసుకుంటాడు. అది తిన్నా తినకపోయినా ఇన్సులిన్‌ని తోస్తుంది, మాత్ర వేసుకుని 16 గంటలు ఖాళీ కడుపుతో ఉంటే షుగర్ డౌన్ అయి ఎక్కడో బండి మీద పోతూ పడిపోవచ్చు. మన ఇళ్ళల్లో ఈ మాత్ర ఎంతమంది వేసుకుంటున్నారో మీకే తెలుసు. గైడ్ మొత్తం వెతికా, షుగర్ మాత్రల గురించి ఒక్క ముక్క లేదు. గర్భిణీలు వాడొద్దు అని ఒక లైను, అంతే. "డాక్టర్‌ని అడక్కుండా ఉపవాసం మొదలెట్టావంటే అక్కకి నేనే చెప్తా బావా" అంటే అప్పుడు ఆపాడు. ఇక్కడ రెండో స్టార్ పోయింది, నిజానికి ఒక్కదానితో సరిపెట్టకూడదు.

మూడోది రోగాల లిస్టుకి. గైడ్ చివర్లో అల్జీమర్స్, పార్కిన్సన్స్, క్యాన్సర్ మూడూ రాసి పక్కన టిక్కులు పెట్టారు. డబ్బా మీద మాత్రం చట్టం ప్రకారం "మందుగా వాడటానికి కాదు" అని ఉంది, ఎఫ్ఎస్ఎస్ఏఐ (ఫుడ్ సేఫ్టీ చూసే సర్కారు సంస్థ) రూల్స్ ప్రకారం ఫుడ్ సప్లిమెంట్ మీద రోగం తగ్గిస్తుంది అని చెప్పుకోకూడదు, కాబట్టి డబ్బా మీద చెప్పలేనిది కాగితం మీద చెప్పారన్నమాట. పార్కిన్సన్స్‌కి సంబంధం లేకపోలేదు, పాడైన మైటోకాండ్రియాని గుర్తుపట్టే పింక్1, పార్కిన్ అనే జీన్లు చెడితే చిన్న వయసులోనే ఆ జబ్బు వచ్చే కుటుంబాలున్నాయి. అక్కణ్ణించి "క్యాప్సూల్ వేస్తే రాదు" దాకా రావాలంటే చాలా దూరం. క్యాన్సర్ అయితే ఇంకా తిరకాసు, గడ్డ రాకుండా ఆటోఫేజీ కాపాడొచ్చు, కానీ గడ్డ వచ్చాక తిండి అందని క్యాన్సర్ సెల్స్ ఇదే రీసైక్లింగ్ మీద బతికేస్తాయి, అందుకే దీన్ని ఆపడానికి హైడ్రాక్సీక్లోరోక్విన్‌తో ట్రయల్స్ చేశారు. ఆపడానికండీ, పెంచడానికి కాదు. కీమోలో ఉన్న మనిషి ఆ టిక్కు చూసి ఇది కొనుక్కుంటే ఎవరిది పూచీ?

డెలివరీ టైమ్‌కే వచ్చింది. రిటర్న్ మాత్రం సీల్ తీయకపోయినా కాంబోలో ఒక డబ్బా తీశారు కాబట్టి కుదరదన్నారు, కాంబో కొనేవాళ్ళు అది చూసుకోండి.

అప్‌డేట్: సెల్లర్ నుంచి రిప్లై వచ్చింది. "రిజల్ట్స్ కోసం కనీసం 3 నెలలు రెగ్యులర్‌గా వాడాలి సార్" అంట. ఏం రిజల్ట్, దేంతో కొలవాలి అని అడిగా. "మీకే తెలుస్తుంది సార్" అన్నారు. సీఓఏ ఇంకా రాలేదు, వస్తే ఇంకో అర స్టార్ కలుపుతా.